వరండాలో కుర్చీలు

"ఎవరయ్యా నువ్వు? ఆడపిల్లల బడిలో నీకేం పని?"

వరండాలో ఒకదానిమీద ఒకటి పేర్చిన కుర్చీలను లెక్కపెడుతున్న మనిషి ఉలిక్కిపడ్డాడు. నలిగిన చొక్కా, చేతిలో నోటుపుస్తకం.

అడిగినావిడ బట్టలు కుట్టే దర్జీ. కూతుర్ని ఈ బడిలో పరీక్షలకు తయారుచేసే ప్రత్యేక తరగతిలో చేర్చిన దగ్గర్నుంచీ ఆవిడకు అన్నీ అనుమానాలే. రోజూ సాయంత్రం కుట్టుపని వదిలేసి వచ్చి గేటు దగ్గర కాపలా కాస్తోంది.

"మీ పాప ఈ తరగతేనా అమ్మా?"

"అయితే నీకెందుకు?"

"సరిగా నిద్రపోతోందా? జుట్టు పీక్కుంటోందా?"

పొద్దున్నే ఆవిడ పిల్ల దిండు మీద వెంట్రుకలు ఏరింది. ఇతనికెలా తెలిసింది?

"చదివే పిల్లలకి ఆ మాత్రం ఉంటుందిలే. గేటు మీద బోర్డు చూడు, పోయినేడు నూటికి నూరు శాతం పాస్!"

"ఎంతమంది చేరితే ఎంతమంది పరీక్ష రాశారో అడగండి. మధ్యలో మానేసినవాళ్ళని లెక్కలోంచి తీసేస్తారు. పిల్ల మానేస్తే కుర్చీ బయటికొస్తుంది. ఈ ఏడు ఇప్పటికి పదమూడు."

"శుభమా అని పిల్ల చదువుకుంటుంటే ఈ అపశకునాలేంటయ్యా!"

ఆవిడ పరుగున వెళ్ళి హెడ్‌మిస్ట్రెస్‌కు చెప్పింది. వాచ్‌మన్ అతని రెక్క పట్టుకుని బయటికి నెట్టాడు. నోటుపుస్తకం బురదలో పడింది.

అతను తిట్టలేదు.

"పద్నాలుగోది రాకముందే పిల్లని తీసుకెళ్ళిపో తల్లీ" అన్నాడంతే.

ఆవిడ ఇంటికెళ్ళి పిల్లకు దిష్టి తీసింది.

మూడు వారాలకు పిల్ల మాట్లాడటం మానేసింది. పుస్తకం తెరిస్తే వణుకు. పిలిస్తే గోడకేసి చూస్తుంది.

"ఇంట్లో విశ్రాంతి ఇవ్వండి. పరీక్షల జాబితాలోంచి పేరు తీసేశాం" అంది హెడ్‌మిస్ట్రెస్ చల్లగా.

ఆవిడ వరండాలోకి వచ్చింది.

పై కుర్చీలో, మిగిలిన గుడ్డముక్కలతో తను కుట్టిచ్చిన మెత్త ఇంకా అలాగే ఉంది.

లెక్కపెట్టింది. పద్నాలుగు.

"అన్నా, ఆ నోటుపుస్తకం ఆయన ఎక్కడుంటాడు?"

"ఊరొదిలి వెళ్ళిపోయాడమ్మా. ఇక్కడే ఆఫీసులో గుమస్తాగా చేసేవాడు."

వాచ్‌మన్ తలెత్తలేదు.

"పోయినేడు మానేసినవాళ్ళని వదిలేసి, ఆ నూటికి నూరు లెక్క కట్టింది ఆయనే. ఈ ఏడు బయటికొచ్చి అడుగున ఉన్న ఆ మొదటి కుర్చీ ఆయన కూతురిది."