పొతియొలీలో పోయిన గొలుసు

మేనత్త మెడలోని రెండు పేటల గొలుసును ఇటలీలోనే కొట్టెయ్యాలని స్టీవెన్ విమానం ఎక్కకముందే నిర్ణయించుకున్నాడు.

బళ్ళారిలో కుదరదు. కంటోన్మెంట్‌లో ఎవరింట్లో చెంబు పోయినా పోలీసులు ముందు అతని గడపే తొక్కుతారు. ఇటలీలో అయితే నేరం జేబుదొంగల మీదికి పోతుంది.

అత్త సరోజమ్మ నర్సుగా చేసి రిటైరైంది. అపొస్తలుడైన పౌలు ఓడ దిగిన పొతియొలీ రేవును కళ్ళారా చూడాలని ఆమెకు ఎన్నాళ్ళ కోరికో. కొడుకు కెన్నెత్, కోడలు జాయ్స్ ఆ మాట ఎత్తనిచ్చేవారు కారు. చివరికి దాచుకున్న డబ్బుతో పోతానని, తోడుగా తమ్ముడి కొడుకు స్టీవెన్‌ను తీసుకుపోతానని ఆమె మొండికేసింది. ఇంతమందిలో వీడే దొరికాడా అని చుట్టాలంతా ముక్కున వేలేసుకున్నారు.

"గొలుసన్నా ఇంట్లో పెట్టి పోండత్తమ్మా" అంది జాయ్స్. అది ఎప్పటికైనా తన కూతురిదేనని ఆమె ధీమా.

"బోసి మెడతో పౌలు దిగిన ఊరికి పొయ్యేదా?" అంది సరోజమ్మ.

ఇప్పుడా ఊరిని పొజ్జువోలి అంటున్నారు. రేవులో నిలబడి ఆమె బైబిలు తెరిచి పౌలు దిగిన వచనం గట్టిగా చదివింది. చేపలు దించుతున్నవాళ్ళు పని ఆపి విన్నారు. పక్కనే ఉన్న బాయాలో అడుగున అద్దమున్న పడవ ఎక్కి, సముద్రంలో మునిగిపోయిన పాతకాలపు ఇళ్ళను చూసి చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"నీళ్ళల్లో ఉన్నా ఆ గచ్చు చూడప్పా, మన ఇంటి దానికంటే బాగుండాది!"

స్టీవెన్ చూపు గొలుసు కొక్కెం మీదే ఉంది.

నేపుల్స్‌కు తిరిగొచ్చే రైలు కిక్కిరిసి ఉంది. సరోజమ్మ అతని భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పైట జారింది. రెండు వేళ్ళు తగిలించాడో లేదో, కొక్కెం ఊడి చేతికొచ్చింది. గొలుసు అతని సాక్సులోకి చేరింది.

రైలు దిగాక ఆమె మెడ తడుముకొని గొల్లుమంది. పోలీసుల దగ్గరికి ఆమెను లాక్కుపోయింది స్టీవెనే. లేని దొంగలిద్దరిలో ఒకడికి గడ్డం, ఇంకొకడికి ఎర్ర టోపీ పెట్టి మరీ వర్ణించాడు. పోలీసులు ఫిర్యాదు రాసుకొని ముద్రేసిన కాగితం చేతిలో పెట్టారు.

బళ్ళారి చేరాక జాయ్స్ ఇల్లు పీకి పందిరేసింది. కెన్నెత్ బావమరిదిని ఎగాదిగా చూశాడు.

"నా కండ్లతో చూసినా బావా! టోపీవాడు తోసినాడు, గడ్డపోడు లాగినాడు. పెద్దామెను తప్పు పడితే ఎట్ల?" అన్నాడు స్టీవెన్.

విదేశీ ముద్ర చూశాక కెన్నెత్ మెత్తబడ్డాడు. "పోనీలేమ్మా, నువ్వు క్షేమంగా వస్తివి, అదే చాలు" అని తల్లి చెయ్యి పట్టుకున్నాడు.

ఆ వారమే స్టీవెన్ తనను ఎవరూ ఎరగని ఆదోనికి పోయాడు. కంసాలి కోటిలింగం గొలుసును గీటురాయి మీద గీసి వెనక్కి తోశాడు.

"యాడ దొరికెప్పా ఇది? ఉత్త కవరింగు."

ఆదోని నుంచి స్టీవెన్ నేరుగా అత్త దగ్గరికొచ్చాడు. ఆమె ఒక్కతే కూర్చొని చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"అత్తా, ఆ గొలుసు... అసలు బంగారందేనా?" నోరు జారాక నాలుక కరుచుకున్నాడు.

సరోజమ్మ తలెత్తలేదు. "అమ్మేదానికి పోయొస్తివా? అరవకుండా సుమ్నె కూచో. బంగారంది ఎప్పుడో అమ్మేస్తిని. నువ్వెక్కిన విమానం అదేనప్పా."

స్టీవెన్ ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "మరి నన్నెందుకు తోడుకోని పోతివి?"

"అసలుది ఏమాయెనని వీళ్ళు అడగకుండా ఉండల్లంటే, దూరదేశంలో ఇది దొంగల పాలు కావల్ల. నేను కండ్లు మూసుకుంటే చాలు, తప్పకుండా లాగేసే నమ్మకమైనోడు మన వంశంలో నీకంటే యాడ దొరుకుతాడప్పా?"