రెండు గెలాక్సీలు తీసేస్తే

క్రిస్టినా ఏడుస్తూనే మెట్లెక్కింది. చేతిలో రెండు కాగితాలు.

"తిప్పి పంపేశారు మాస్టారూ," అంది.

జానకిరామ్ గారు కుర్చీ చూపించారు. రాజమండ్రిలో ముప్పయ్యేళ్లు ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆయన దగ్గర చదువుకున్న క్రిస్టినా ఇప్పుడు అదే కాలేజీలో కాంట్రాక్టు లెక్చరరు.

నాలుగేళ్లుగా ఆమెకి ఒకటే ధ్యాస. ఒక పెద్ద గెలాక్సీ, దాని చుట్టూ తిరిగే తొమ్మిది చిన్న గెలాక్సీలు. అవెంత వేగంగా తిరుగుతున్నాయో కొలిస్తే, పెద్దదానిలో కంటికి కనబడని కృష్ణ పదార్థం ఎంతుందో తేలుతుంది. పాతికేళ్ల క్రితం ఆ లెక్క మొదట కట్టింది మాస్టారే. ఆయనకి పేరొచ్చిందీ దాంతోనే.

ఆ తొమ్మిదింటిలో రెండు ఉత్త దారినపోయేవని క్రిస్టినా కనిపెట్టింది. వాటిని తీసేస్తే బరువు మూడోవంతుకి పడిపోతుంది. భయపడుతూనే మాస్టారికి చెప్పింది.

"నాది తప్పయితే తప్పనే రాయమ్మా. పంపించు," అన్నారాయన.

వ్యాసం రాసి విదేశీ సైన్సు పత్రికకి పంపింది. అచ్చేయొచ్చో లేదో చెప్పమని వాళ్లు అడిగిన, పేరు చెప్పని సమీక్షకుడెవరో ఉతికి ఆరేశాడు.

"ఈమెకి ఓనమాలు రావని రాశాడండి. ఇది అచ్చయితేనే పుణెలో రీసెర్చి సీటు. జవాబు చెప్పుకోడానికి నెల గడువిచ్చారు."

మాస్టారి భార్య సంపూర్ణమ్మ కాఫీ తెచ్చింది. పిల్ల మొహం చూసి, బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

ఆయన మొదటి కాగితం చూశారు. రెండోది తిప్పలేదు. మడిచి ఇచ్చేశారు.

"ప్రతి మాటకీ నా దగ్గర జవాబుందండి. మీరు పక్కనుంటే చాలు."

దూరంగా వంతెన మీద గూడ్సు బండి పోతోంది. అటే చూస్తూ అన్నారాయన.

"వద్దమ్మా. వాళ్లతో మనం నెగ్గలేం. నీ పేరే పాడవుద్ది. వెనక్కి తీసేసుకో."

"నా లెక్క తప్పంటారా?"

"తప్పని నేనన్లేదు."

కాఫీ చల్లారిపోయింది. క్రిస్టినా ఫోన్ తీసింది. ఆయన చెబుతుంటే, వ్యాసం వెనక్కి తీసుకుంటున్నానని రెండు లైన్లు టైపు చేసి పత్రికకి పంపేసింది. ఇక ఏడవలేదు.

"మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో మాస్టారూ," అని చేతులు జోడించింది.

ఆయన గేటు దాకా వచ్చి సాగనంపారు.

ఆమె స్కూటీ సందు మలుపు తిరిగాక జానకిరామ్ గారు లోపలికొచ్చి, కంప్యూటర్ తెరిచి, పత్రిక సంపాదకుడికి ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశారు: "ఆమె వ్యాసం వెనక్కి తీసుకుంది కనుక, సమీక్షకుడిగా నా పని అయిపోయినట్టే."