యజమాని చెయ్యి

పైన బంతి తిప్పే ట్రాక్‌బాల్ మౌస్ తయారీ అందరికీ తెలిసిందే; దాన్ని నిద్రలేపే ప్రోగ్రాం, బూట్‌లోడర్, మాత్రం కంపెనీది. పనివేళల్లో బంతి మీంచి చెయ్యి తీస్తే అది గైర్హాజరు వేస్తుంది. ఇంట్లో కూర్చుని చేసే ఆ కంపెనీ ఉద్యోగమే ఇంటింటా, కూర మాడని ఇల్లు లేదు.

విసిగిపోయిన సువర్చల పుస్తెలతాడుకున్న పిన్నీసుతో మౌస్ విప్పి, కంపెనీ బూట్‌లోడర్ చెరిపి, ఉచితంగా దొరికే కొత్తది ఎక్కించింది.

“యజమాని బంతి తిప్పాలి” అని తెర అడిగేసరికి పాలు పొంగాయి. ఆమె వంటింట్లోకి పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి భర్త రామ్మోహన్ సాయంగా తిప్పేశాడు.

“ఏవండీ, అది మిమ్మల్నే యజమానిగా రాసుకుంది, ఇక మీ చేతికి తప్ప లేవదు. ఆ గుర్తు చెరిపెయ్యమని ఒక్కసారి నొక్కండి.”

“బానే పనిచేస్తోందిగా, మళ్ళీ కెలకడం ఎందుకు? కావాల్సినప్పుడు అడుగు, తిప్పిపెడతాను.”

కంపెనీ తాళానికైతే పిన్నీసు సరిపోయింది. సువర్చల దాన్ని మళ్ళీ పుస్తెలతాడుకే తగిలించుకుంది.