పలకపొడి

“నోరు ఇంకొంచెం తెరువు పెద్దమ్మా. అయ్యో, పళ్ళన్నీ చిగుళ్ళ దాకా అరిగిపోయినాయే! వయసులో ఉన్నప్పుడు బొత్తిగా పట్టించుకోలేదా?” అంది డాక్టర్ మహజబీన్.

“మా అమ్మ అంతే మేడం. ఒంటి మీద ధ్యాసే ఉండదు,” అంది పక్కన నిలబడిన కూతురు శైలజ.

ఆ మాటకు వెనక్కి వాలిన కుర్చీలో పడుకున్న కాశమ్మ దిగ్గున లేచి కూర్చుంది.

“ఏంది నేను పట్టించుకోనిది? పదిహేనో ఏట పలకల ఫ్యాక్టరీలో చేరినా. పలకలు సానబడితే రాలే పొడి తెచ్చుకుని పొద్దునా మాపునా కరకరా తోమినా. మేస్త్రి పెండ్లాం కూడా నా పళ్ళు చూసి కుళ్ళుకునేది!”

“రాతిపొడితోనా! పైనున్న గట్టి పొరంతా దాంతోనే పోయింది పెద్దమ్మా. అది మళ్ళీ రాదు.”

కాశమ్మ నాలుకతో పళ్ళ మోళ్ళను తడుముకుంది. ఇన్నేళ్ళూ వాటినే తిట్టుకుంది. పాపం, అవేం చేశాయి?

“ఒక్కరన్నా చెప్పింటే వేపపుల్లతోనే సరిపెట్టుకునేదాన్ని గదమ్మా!” అంటూ కూతురి వైపు తిరిగింది.

శైలజ పెదాలు బిగించుకుని నేల చూస్తోంది. ఆరేళ్ళుగా తనూ అదే ఫ్యాక్టరీలో పనిచేస్తోంది. ఆ పొడితో తోముకోవడం నేర్పింది కాశమ్మే.

కాశమ్మ కుర్చీ దిగింది.

“ముందు దీని పళ్ళు చూడు డాక్టరమ్మా. నావి ఆగుతాయి.”

“నాకేం నొప్పి లేదమ్మా!”

“నీ వయసులో నాకూ లేదు. ఎక్కు.”