హాలు నడిమధ్య టేబులు

పాప కేక పెట్టింది. మామూలు కేక కాదు. వంటగదిలో ఉన్నవాళ్ళు కూడా ఉలిక్కిపడి తొంగిచూసే కేక.

ఆదివారం మధ్యాహ్నం కావడంతో రెస్టారెంటు కిటకిటలాడుతోంది. తింటున్నవాళ్ళంతా హాలు నడిమధ్య టేబులు వైపు తలలు తిప్పారు.

"పిల్లల్ని కనగానే సరా? నలుగురిలో ఎలా ఉండాలో నేర్పొద్దూ?" పక్క టేబులు మామ్మగారు కూతురితో అంది, అవతలివాళ్ళకి వినపడేట్టుగానే.

అనేశాక గానీ ఆ పిల్ల తండ్రిని గుర్తుపట్టలేదావిడ. నాలిక్కరుచుకుంది.

"అయ్యో, మీరా డాక్టరుగారూ! చూడలేదు సుమండీ. ఏమే, మన బుజ్జిదానికి మందిచ్చేది ఈయనే. చెయ్యి వేస్తే చాలు, ఎంతటి పిల్లయినా ఏడుపు మానేస్తుంది."

పిల్లల డాక్టరు నవ్వాడు. ఊళ్ళో సగంమంది తల్లులు ఆ నవ్వు చూసే ఆయన దగ్గరికి వస్తారు.

నవ్వుతూనే టేబులు కింద భార్య మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు.

"ఇంటికి పద, చెబుతాను," అన్నాడు పెదవి కదపకుండా.

ఆ మాటకి అర్థం ఆమెకి బాగా తెలుసు. కిందటిసారి ఆయన 'చెప్పాక' చాలా రోజులు ఎడమవైపు ఒత్తిగిలి పడుకోలేకపోయింది. ముఖం మీద మాత్రం ఏనాడూ గీత పడదు. ఎక్కడ కొడితే బయటికి కనపడదో డాక్టరుకి ఒకరు చెప్పాలా? పుట్టింట్లో చెప్పుకుంటే అన్నయ్య నవ్వేశాడు. "బావా? చీమకైనా హాని తలపెట్టడే!" అత్తగారైతే కోడలికే పిచ్చి అని తేల్చేసింది.

పాప ఇక్కడ పెట్టే ఒక్కో కేకకీ ఇంటికెళ్ళాక ఆమె ఒళ్ళు హూనమవుతుంది. ఆ సంగతి ఐదేళ్ళ పిల్లకి ఎలా తెలుస్తుంది?

అసలు పాప పుట్టినరోజు కదా అని బతిమాలి బయల్దేరదీసిందే ఆమె. ఆయన మూల టేబులు చూపిస్తే, అక్కడ ఏసీ తగిలి పాపకి జలుబు చేస్తుందని తీసుకొచ్చి ఇక్కడ కూర్చోబెట్టింది. మూలనయితే ఇంత అప్రదిష్ట ఉండేదా?

పాప చెంచాతో ప్లేటు వాయించింది. మంచినీళ్ళ గ్లాసు తోసేసింది. అది కిందపడి భళ్ళున పగిలింది.

"వద్దమ్మా, తప్పు కదూ," అంది తల్లి. ఆ కసురుకి పిల్లికూన కూడా బెదరదు.

సర్వరు పరుగున బొమ్మల పుస్తకం, రంగు పెన్సిళ్ళు తెచ్చాడు. ఎంత మొండి పిల్లలైనా వాటికి లొంగుతారు.

"వద్దు బాబూ, పాడుచేసేస్తుంది," అని తిప్పిపంపింది.

టమాటా సూపు వచ్చింది. ఆమె దాన్ని ఊది ఊది చల్లార్చి, దూరంగా జరపాల్సింది పోయి, పాప చేతికి అందేట్టే పెట్టింది. ఇలాంటి తల్లుల్ని ఏమనాలో మీరే చెప్పండి.

పాప మళ్ళీ కేకలు అందుకుంది. ఈసారి ఓనరే లేచి వచ్చాడు.

"సార్, ఏమీ అనుకోకండి. లోపల ఫ్యామిలీ రూము ఖాళీగా ఉంది. తలుపేసుకున్నారంటే పాప ఎంత అల్లరి చేసినా ఎవరికీ వినపడదు."

"చాలా థాంక్సండీ." డాక్టరు లేచాడు. భార్య భుజం మీద ప్రేమగా చెయ్యి వేశాడు. బొటనవేలు మెడనరం మీద దిగబడింది. "పద బంగారం. తలుపేసుకుందాం."

ఆమె ముఖంలో నెత్తురుచుక్క లేదు. రెండు చేతులతో కుర్చీ పట్టుకుంది.

"ఇక్కడే తిందామండీ."

అంతలో సూపు గిన్నె గాల్లోకి లేచింది. డాక్టరు తెల్లచొక్కా ఎర్రగా తడిసింది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు ఆయన భరించలేకపోయాడు.

"ఇలాగేనా దాన్ని పెంచావు!" అంటూ భార్యని చాచి కొట్టాడు. నుదురు టేబులు అంచుకి తగిలి చిట్లింది. జుట్టు పట్టి కుర్చీలోంచి ఈడ్చాడు. గాజుపెంకుల మీద పడేసి కడుపులో తన్నాడు. మళ్ళీ తన్నాడు. బూటుకాలితో ముఖం మీద తన్నాడు. కనపడకుండా కొట్టే ఆ చదువంతా ఏమైపోయిందో!

వెనక టేబులు నుంచి ఓ జిమ్ము కోచ్ దూకి అడ్డుపడ్డాడు. డాక్టరు ఫోర్కు తీసి అతని చేతిలో కసుక్కున దింపాడు. కోచ్ బాధతో అరుస్తూనే ఆయన మెడ ఒడిసిపట్టి నేలకేసి కొట్టాడు. ఒక పన్ను ఎగిరి ఎక్కడో పడింది. ఇద్దరు సర్వర్లు కాళ్ళ మీద కూర్చున్నారు.

హాల్లో ఫోన్లన్నీ పైకి లేచాయి. అన్నిటికంటే ముందు లేచింది మామ్మగారి ఫోను.

పోలీసులు వచ్చేసరికి ఆయనకి మళ్ళీ మర్యాద గుర్తొచ్చింది. "మా ఆవిడకి మతి స్థిమితం లేదండీ," అన్నాడు, గడ్డం మీదుగా నెత్తురు కారుతుండగా.

"ఎవరికి లేదో మేం చూశాంగా!" మామ్మగారు విరుచుకుపడింది. "రాసుకోండమ్మా, నేను సాక్ష్యం చెబుతాను."

"మేమూ చెబుతాం," అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. ఇన్‌స్పెక్టరమ్మ వీడియో ఒకసారి చూసి, ఆయన్ని రెక్క పట్టుకుని బయటికి నడిపించింది.

తల్లి నుదుటికి టవలు అదిమిపట్టుకుని నేల మీదే కూర్చుంది. ఒళ్ళో పాప గొంతు చిరిగిపోయేలా ఒకటే అరుపు. మామ్మగారు చాక్లెట్ ఇచ్చింది. ఆపలేదు. సర్వరు ఐస్‌క్రీం తెచ్చాడు. అయినా ఆపలేదు.

"బిడ్డ ఎంత జడుసుకుందో పాపం," అని అందరూ కళ్ళొత్తుకున్నారు.

బయట జీపు కదిలిన చప్పుడయింది. పాప తల్లి మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో గుసగుసగా అడిగింది:

"అమ్మా, నువ్వు చెప్పినట్టే చేశానుగా, ఇంక అరవడం ఆపెయ్యనా?"