ఐదోవాడు

హరినాథ్‌కు నవలంటే రక్తం పారాలి. కనీసం మూడు శవాలైనా లేవకపోతే అతని లెక్కలో అది నవలే కాదు.

కిష్టారెడ్డిపేట కాలనీ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న వాటిపై ప్రతి ఆదివారం వాట్సాప్ గ్రూపులో తీర్పులిస్తాడు. ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ కదా, అలవాటు.

"మొదటిది దండగ. ఒక్క హత్యా లేదు. రెండోది పరవాలేదు, గొంతు కోసే సీను బాగుంది. మూడోది మాత్రం అద్భుతం! నలుగురిని నరికినవాడు ఐదోవాడి దగ్గర కత్తి పారేసి, వాడికి మంచినీళ్లు తాగిస్తాడు. నాకు ఏడుపొచ్చిందండీ."

ఆ నవల చివరి పేజీలు చేతిరాతలో ఉన్నాయి. లైబ్రరీ పుస్తకాలన్నీ పాత పేపర్ల కొట్లో తూకానికి కొన్నవే. సగానికి చివరి పేజీలుండవు. ఇంకో కాపీ చూసి ఎవరో రాసి అంటించారనుకున్నాడు హరినాథ్.

ఆ సాయంత్రం పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళ్లాడు. లైబ్రరీ చూసుకునే నాగరత్నం లేదు. సగం ముఖం కాలిన మనిషెవరో మూలన కూర్చుని, ఒక నవల వెనక అట్టను బ్లేడుతో కోస్తున్నాడు.

హరినాథ్‌కు ఒళ్లు మండిపోయింది.

"చివరి పేజీలు కాజేసే దొంగవి నువ్వేనా?"

"కాదు సారూ, జెర ఇనుండి..."

హరినాథ్ అతని చెంప పగలగొట్టాడు. ఆ మనిషి లేవబోయాడు. బ్లేడు చేతిలోనే ఉంది.

"పొడుస్తున్నాడు! రండి!" అని అరిచాడు హరినాథ్.

బయట క్యారమ్స్ ఆడేవాళ్లు లోపలికి ఉరికారు. కాళ్లతో, కుర్చీలతో కుమ్మేశారు. పళ్లు రాలాయి. ఇంకా బ్లేడు వదలలేదని హరినాథ్ అతని కుడిచేతిని ఇనుప బీరువాలోకి తోసి, తలుపు బలంగా మూశాడు. ఎముకలు విరిగిన చప్పుడు అందరికీ వినిపించింది.

అప్పుడొచ్చిన నాగరత్నం గుండెలు బాదుకుంది.

"ఎంత పని చేశారండీ! ఈయన యాదన్న. కాజీపల్లి మందుల కంపెనీలో ఒళ్లు కాలి, పని పోయి ఇంట్లో ఉంటున్నాడు. మన పుస్తకాల అట్టలు విప్పి, పోయిన పేజీలు రాసి అంటించేది ఈయనే!"

ఆసుపత్రిలో మూడు వేళ్లు తీసేశారు.

మర్నాడు హరినాథ్ మంచం పక్కన నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు.

"ఆ నాలుగు హత్యల నవలకు ఇంకో కాపీ ఎక్కడ దొరికిందండీ?"

యాదన్న కట్టు కట్టిన చేతికేసి చూసుకున్నాడు.

"కాపీ యాడిది సారూ? నలుగురు సచ్చిన్రు, ఐదోడన్న బతకాలని నేనే రాసిన."