మడి కట్టుకుని వేసిన ఓటు

పోస్టులో వచ్చే ఓటు కవర్లకు ఎన్నికల సంఘం చెవులు పెట్టాక మా ఇంట్లో నాకు నోరు లేకుండా పోయింది. మా ఆవిడ విశాలాక్షి తన కవరు విప్పగానే, "పోయినసారి వేసినాయనకే వెయ్యవే," అన్నాను. కవరు టప్పున మూసుకుంది.

"పక్కవారు సలహా ఇస్తున్నారు. ఇంకోసారి వినిపిస్తే ఈ ఓటు చెల్లదు," అంది కవరు.

"కూరలో ఉప్పు దగ్గర్నుంచి ఓటు దాకా మీరు చెప్పందే జరగదు గదా," అంటూ ఆవిడ తలస్నానం చేసి, మడి కట్టుకుని, కవరుతో పూజగదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నాకింకా స్నానం కాలేదు. చేసేదిలేక తలుపుకు చెవి ఆనించాను.

"గదిలో ఇంకెవరైనా ఉన్నారా?" అని కవరు అడిగింది.

"వేంకటేశ్వరస్వామి ఉన్నారు." ఆవిడ అబద్ధమాడే మనిషి కాదు.

కవరు ఓటర్ల జాబితా తిరగేసింది. "ఆ పేరుతో ఈ ఇంట్లో ఓటరు లేరు. సలహా ఏమైనా ఇస్తున్నారా?"

"పెళ్లయిననాటి నుంచి మొక్కుతున్నాను. ఒక్క మాటా అనలేదు."

"అయితే ఉండనివ్వండి."

ఓటు పోస్టుకు వెళ్లిపోయింది. ఎవరికి వేసిందో ఆవిడ చెప్పలేదు. చూసింది స్వామి ఒక్కడే కనుక రోజూ హారతి వేళ ఆయన్నే అడుగుతున్నాను. ఉలకడు, పలకడు. వచ్చే ఎన్నికల నాటికి ఆయన దగ్గర ఆ విద్య నేర్చుకోవాలి.